ఊలు అల్లిక – 3వ పాఠం: 30 కుట్లు 37 ఎలా అయ్యాయి?

ఈసారి కుట్లు ముగించడం, అంటే అల్లిక ఊడిపోకుండా కుట్లను సూది మీంచి దించడం నేర్పుదామనుకున్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. కిందటిసారి మఫ్లర్‌కి సూది మీద 30 కుట్లు ఎక్కించి, ప్రతి వరసా నిట్ కుట్టుతోనే (పోగు వెనక ఉంచి అల్లే మామూలు కుట్టు) అల్లుకుంటూ పొమ్మన్నాను. మీరు పంపిన ఫోటోల్లో సగం మఫ్లర్లు పైకి పోయేకొద్దీ విసనకర్రల్లా విచ్చుకున్నాయి.

ముందు సూదుల గొడవ తేల్చేస్తాను. నేను చెప్పిన 8 నంబరు సూదులంటే మన దుకాణాల్లో పాత బ్రిటిష్ లెక్క, 4 మి.మీ. మందం. అమెరికాలో అదే 8 నంబరు 5 మి.మీ. అక్కడున్నవాళ్లు నంబరు మాట వదిలేసి మిల్లీమీటర్లు చూసి కొనండి. ఇప్పటికే 5 మి.మీ. సూదులు కొనేసుంటే పారేయక్కర్లేదు, అల్లిక కాస్త వదులుగా వస్తుంది, అంతే.

ఇక అసలు సంగతి. లేని కుట్లు ఎక్కువగా పుట్టుకొచ్చేది వరస మొదట్లోనే. ఒక వరస అయిపోయింది, సూది తిప్పి ఎడమ చేతిలోకి మార్చుకున్నారు. అక్కడ ఆగండి. ఉండ నుంచి వచ్చే పోగు సూదికి కిందుగా, మీ వైపు వేలాడుతూ ఉండాలి. మీరేమో దాన్ని సూది మీదుగా వెనక్కి లాగి బిగిస్తున్నారు. అలా లాగితే మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్లూ (ఉచ్చులాంటి కుట్టుకు సూదికి అటూ ఇటూ దిగే పోగులు) సూది మీద రెండు కుట్లలా కనబడతాయి. రెండింట్లోనూ సూది గుచ్చి అల్లేస్తారు. ఏడు వరసల్లో ఇదే జరిగితే ఏడు కుట్లు పెరిగినట్టే.

అందుకని ముందు పోగును కిందికి లాగండి. రెండు కాళ్లూ ఒక్క కుట్టుగా సర్దుకుంటాయి. తర్వాత సూది కింద నుంచే పోగును వెనక్కి తీసుకెళ్లండి. పైనుంచి కాదు. మళ్లీ చెబుతున్నా, కింద నుంచి! అంచు బిగుతుగా రావాలనే కదా లాగింది? మొదటి కుట్టు అల్లాక, రెండోది అల్లేముందు పోగును కొద్దిగా లాగితే ఆ బిగువు దానంతటదే వస్తుంది.

వరస మధ్యలో చిల్లుతో పాటు కుట్టు పెరిగితే పోగు ముందువైపుకి వచ్చేసి సూదికి చుట్టుకుందన్నమాట. చిల్లు లేకుండా పెరిగితే పోగు చీలి, సగం సగం రెండు కుట్లయి ఉండొచ్చు. నల్ల ఊలు తీసుకున్నవాళ్లకి ఇవేవీ కనబడవు. మొదటి మఫ్లర్‌కి లేత రంగు ఊలు, వెదురు సూదులు అని నేను పోరేది ఇందుకే. అల్యూమినియం సూదుల మీద కుట్లు మరీ జారతాయి.

ఇప్పటికే పెరిగినవి ఏం చేయాలి? నేనైతే విప్పను. వరస మొదట్లో రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లేస్తాను, వరసకి ఒక్కటి చొప్పున, మళ్లీ 30కి వచ్చేదాకా. మెడకు చుట్టుకున్నాక ఆ తేడా ఎవరికీ తెలీదు.

అభ్యాసానికి 15 కుట్లు ఎక్కించి 40 వరసలు అల్లండి. రెండు వరసలకి ఒక గట్టు (అడ్డంగా ఉబ్బెత్తుగా కనబడే గీత) కాబట్టి 20 గట్లు కనబడాలి. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టాల్సిందే. 10వ వరస మొదట్లో కావాలనే పోగును పైనుంచి లాగి, ఆ రెండు కాళ్లూ చూసి, అల్లకుండా సరిచేయండి. 20వ వరసలో మాత్రం అల్లేసి విప్పండి. ఎడమ సూదిని కుట్టు కిందున్న లూపులోకి ముందు నుంచి గుచ్చి, కుడి సూది తప్పించి, పోగు లాగాలి.

ఇది కుదిరినవాళ్లు అసలు మఫ్లర్‌ని 150 సెం.మీ. దాకా తీసుకురండి. 4 మి.మీ. సూదులతో దాదాపు 600 వరసలు పడుతుంది. ముగింపు కుట్టు అప్పుడు చెబుతాను.