వీఆర్ హెడ్‌సెట్‌తో నర్సింగ్ శిక్షణ: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేయాలి

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ: కళ్ళకు పెట్టుకునే హెడ్‌సెట్‌లో వార్డు, రోగి నిజంగా ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ హెడ్‌సెట్ తీసేసి "నాకిది రాదు మేడమ్" అని పక్కకెళ్ళి కూర్చునే అమ్మాయిల్లో చాలామందికి పని వచ్చు. హెడ్‌సెట్ లోపలి అద్దం (లెన్స్) మసగ్గా ఉంటుంది, కిటికీ కర్టెన్ తీసి ఉంటుంది, లేదంటే తెర మీది రోగి అమెరికా యాసలో మాట్లాడుతుంటాడు. తప్పు మాత్రం పిల్ల మీద పడుతుంది. తిరుపతిలో ఒక నర్సింగ్ కాలేజీ స్కిల్ ల్యాబ్ చూసుకుంటూ నేను నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నవి ఇవి. ముందు హెడ్‌సెట్, తర్వాత గది, ఆ తర్వాత పాఠం చూడండి. ఆ అమ్మాయికి వచ్చా రాదా అన్న ప్రశ్న ఆఖర్న.

సమస్య: కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం

అలిపిరి దాటి బస్సు ఘాట్ రోడ్డు ఎక్కగానే కొందరికి కడుపులో తిప్పుతుంది కదా, ఇదీ అలాంటిదే. బస్సులో ఫోన్ చూస్తూ కూర్చుంటే కన్ను "కదలట్లేదు" అంటుంది, లోపలి చెవి "మలుపు తిరుగుతున్నాం" అంటుంది. హెడ్‌సెట్‌లో దీనికి తలకిందులు: వార్డులో నడుస్తున్నట్టు కన్ను చెబుతుంది, చెవి మాత్రం కుర్చీలోనే ఉన్నానంటుంది. రెంటికీ పొత్తు కుదరక తల తిరుగుతుంది.

పరిష్కారం: జాయ్‌స్టిక్ తోస్తూ జారుకుంటూ నడిచే పద్ధతి ఆపేయండి. ఒక చోటు నుంచి ఇంకో చోటికి ఒకేసారి వెళ్ళే టెలిపోర్ట్ ఆప్షన్ పెట్టండి. రోగి మంచం పక్కనే నిలబడి చేసే సీన్ అయితే ఇంకా మేలు. మొదటిసారి ఐదారు నిమిషాలు చాలు, అదీ కూర్చుని. అదేపనిగా ఆవలింతలు, చల్లటి చెమట, ముఖం పాలిపోవడం కనిపిస్తే వాంతి దాకా ఆగకుండా వెంటనే తీసేయండి. "కాస్త ఓర్చుకో, అలవాటవుతుంది" అని కూర్చోబెట్టడం వల్ల మరుసటి వారం ఆ అమ్మాయి ల్యాబ్‌కే రాదు. బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే హెడ్‌సెట్ వేడెక్కిందేమో చూడండి. ఆ తడబాటు కూడా తల తిప్పుతుంది.

నేనైతే మొదటి రోజే అడుగుతాను: "తిరుమల బస్సులో ఎవరికి వాంతులవుతాయి?" చేతులెత్తినవాళ్ళకు విడిగా, నెమ్మదిగా మొదలుపెడతాను. తల తిరిగిన అమ్మాయిని వెంటనే స్కూటీ ఎక్కనివ్వకండి, అరగంటైనా కూర్చోబెట్టండి. ఎంత చేసినా పడనివాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళకు అదే పాఠం మ్యానికిన్ (శిక్షణకు వాడే మనిషి బొమ్మ) మీద చెప్పండి, మార్కులు కోయకండి.

సమస్య: మసగ్గా, రెండుగా కనిపించడం

ఒకమ్మాయి మూడు రోజులు వరసగా మానిటర్ అంకెలు తప్పు చదివింది. చదవడం రాదనుకున్నాం. చూస్తే అద్దాల మధ్య దూరం 68 మిల్లీమీటర్ల దగ్గర ఉంది, ఆమె కనుపాపల మధ్య దూరం 59. క్వెస్ట్ 2 అనే ఈ రకం హెడ్‌సెట్‌లో అద్దాలకు 58, 63, 68 అని మూడు స్థానాలుంటాయి. 58కి జరపగానే అంకెలన్నీ గడగడా చదివేసింది.

పరిష్కారం: నుదుటి మీద స్కేలు ఆనించి, దూరంగా చూడమని, ఒక కనుపాప మధ్య నుంచి ఇంకో కనుపాప మధ్యకు కొలవండి. ఒక్కసారి కొలిచి రికార్డు పుస్తకం మీద రాయిస్తే మళ్ళీ అడగక్కర్లేదు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకు మధ్యలో స్పేసర్ (ఎడం ఉంచే చట్రం) పెట్టండి, లేకపోతే రెండు అద్దాలూ రాసుకుని గీతలు పడతాయి. ముడి ఎత్తుగా వేసుకుంటే వెనక పట్టీ జారి హెడ్‌సెట్ ముక్కు మీదికి దిగుతుంది. ముడి కిందికి వేసుకోమనండి.

ఇక బొట్టు. హెడ్‌సెట్ లోపలి నురగకు అంటుకుపోయిన స్టిక్కర్ బొట్లు నేను వారానికి నాలుగైదు పీకుతాను, ఒకటి అద్దం మీదే దొరికింది. పెట్టుకునే ముందు బొట్టు తీసి చేతి వెనక అంటించుకుంటే సరి. తుడవడానికి ల్యాబ్‌లో చేతికందేది స్పిరిట్ దూదే, అద్దం మీద మాత్రం అది వద్దు. పైపూత పోతుంది. అద్దానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ, ముఖానికి తగిలే భాగానికి మనిషికొక కవరు. కళ్ళకలక ఉన్నవాళ్ళకు హెడ్‌సెట్ ఇవ్వకండి.

సమస్య: తెర మీది చేతులు ఎగిరిపోవడం, మంచం పక్కకు జరగడం

హెడ్‌సెట్ తన కెమెరాలతో గదిని చూసి తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. బోసి తెల్లగోడ, అద్దాల బీరువా, మిలమిలలాడే స్టీలు ట్రాలీ, చీకటి, కిటికీలోంచి నేరుగా పడే ఎండ, ఇవన్నీ దాన్ని తికమక పెడతాయి.

పరిష్కారం: గోడకు నాలుగు అనాటమీ చార్టులు తగిలించండి. బీరువాకు దుప్పటి కప్పండి. ట్యూబ్‌లైట్ల మినుకుమినుకు వల్ల తేడా వస్తుంటే సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని మన కరెంటుకు తగ్గట్టు 50 హెర్ట్జ్‌కి మార్చండి. వాడనప్పుడు హెడ్‌సెట్‌ను ఎండ తగిలే కిటికీ దగ్గర అస్సలు పెట్టకండి. అద్దాలు భూతద్దాల్లా పనిచేసి లోపలి స్క్రీన్‌ను కాల్చేస్తాయి. మన తిరుపతి ఎండకు ఎంతోసేపు పట్టదు.

ఛార్జింగ్ ముందురోజు రాత్రే పెట్టేయండి.

సమస్య: స్కోరు వందకు వంద, మ్యానికిన్ దగ్గర చేయి తడబాటు

నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇదే. హెడ్‌సెట్‌లో సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) బ్రహ్మాండంగా చేసిన అమ్మాయి మ్యానికిన్ మీద రెండు నిమిషాలకే అలిసిపోయింది, లోతు మూడు సెంటీమీటర్లు కూడా లేదు. కారణం తేలికే. చేతిలో పట్టుకునే కంట్రోలర్ గాల్లో ఊగుతుంది, ఛాతీలాగా ఎదురు తన్నదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు అన్న వేగం అక్కడ వస్తుంది. పెద్దవాళ్ళకు కావాల్సిన 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వడం, ఈ రెండూ గాల్లో రావు. నరం దొరకబుచ్చుకుని కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) పెట్టడమూ అంతే, అది వేలికి తెలియాలి.

పరిష్కారం: పనిని రెండుగా విడదీయండి. రోగిని చూసి పోల్చుకోవడం, ఎవర్ని పిలవాలో, ముందేం చేయాలో తేల్చుకోవడం హెడ్‌సెట్‌లో. నొక్కడం, గుచ్చడం మ్యానికిన్ మీద. మేం ఇప్పుడు రెండూ కలిపేశాం: తెర మీద రోగి నాడి ఆగిందని అమ్మాయి గుర్తించగానే హెడ్‌సెట్ తీసి నేల మీది మ్యానికిన్ దగ్గరికి పరిగెత్తాలి. సీన్ పది నిమిషాలైతే ఆ తర్వాతి మాటలకు ఇరవై నిమిషాలు ఇస్తాను. "ఆక్సిజన్ అప్పుడే ఎందుకు పెట్టావు?" అని అడిగితే వచ్చే జవాబులో తెలిసేది స్కోరులో తెలియదు.

సమస్య: తెలిసిన పిల్ల కూడా తప్పు నిర్ణయం తీసుకోవడం

మగతగా ఉన్న రోగికి షుగర్ చూస్తే 3.1 అని వచ్చింది. "గ్లూకోమీటర్ పాడైంది మేడమ్" అని ఆగిపోయింది ఒకమ్మాయి. ఆ సాఫ్ట్‌వేర్ మిల్లీమోల్స్‌లో చూపిస్తోంది. 18తో గుణిస్తే మనకు తెలిసిన లెక్కలో దాదాపు 56, అంటే షుగర్ పడిపోయింది. డాక్టర్ని పిలిచి డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించడానికి సిద్ధం కావాల్సిన టైమది. ఇలాంటివే ఇంకా ఉన్నాయి: మనం అడ్రినలిన్ అనేది ఇలాంటి విదేశీ సాఫ్ట్‌వేర్లలో ఎపినెఫ్రిన్, పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్, 108 బదులు 911.

పరిష్కారం: ఈ మార్పులన్నీ ఒక చార్టు మీద రాసి సీన్‌కు ముందే చదివించండి. రోగి గొంతు మ్యూట్ చేసి ట్యూటరే మాట్లాడితే మరీ మంచిది. "గుండెల్లో పట్టేసినట్లుంది పాపా, ఎడం చెయ్యి లాగతా ఉంది" అంటే పిల్లలు వెంటనే దగ్గరికి వంగి, ఎప్పట్నుంచి అని అడుగుతారు. మన వార్డుల్లో వాళ్ళు వినబోయేది ఆ మాటే. తమిళం వచ్చిన ట్యూటరుంటే అప్పుడప్పుడు ఆమెను రోగిని చేయండి, చిత్తూరు వైపు వార్డుల్లో అదీ కావాలి.

సమస్య: సీన్ అయ్యాక మాట్లాడకపోవడం, ఏడవడం

తెర మీది రోగి చనిపోయి ఉంటాడు. చూసేవాళ్ళకు అది బొమ్మే, లోపలున్న అమ్మాయికి మాత్రం చేతిలో ప్రాణం పోయినట్టే ఉంటుంది.

పరిష్కారం: రోగి దక్కకపోవచ్చని మొదలుపెట్టే ముందే చెప్పండి. అయినా ఏడిస్తే సీన్‌ను బయటివాళ్ళకు చూపించే టీవీ కట్టేసి మిగతా పిల్లల్ని బయటికి పంపండి. నీళ్ళిచ్చి పక్కన కూర్చోండి. ఎక్కడ తప్పు జరిగిందన్నది రేపు మాట్లాడుకోవచ్చు. ఆ రోజు మళ్ళీ హెడ్‌సెట్ పెట్టించకండి.