రెండో తెల్ల మెట్టు దగ్గర మొదలుపెట్టండి

తెనాలి దగ్గర మా పల్లె చర్చిలో చిన్నపిల్లల తరగతి నా చేతికి వచ్చి పందొమ్మిదేళ్లయింది. మొదటి క్రిస్మస్‌కు నేను చేసిన నిర్వాకం ముందే చెప్పేస్తాను. పదిహేనుమంది పిల్లల ముందు మూడు మైకులు పెట్టించాను. కీబోర్డులో ఉండే యంత్రం దరువు వేయించాను. "గట్టిగా, ఇంకా గట్టిగా" అంటూ ఎదురుగా నిలబడి చేతులు ఊపాను. పిల్లలు పాడలేదు, అరిచారు. ఒక పాపకు గొంతు బొంగురుపోయి కొత్త సంవత్సరం దాకా మాట సరిగా రాలేదు. సంఘమంతా చప్పట్లు కొట్టింది, అదింకా సిగ్గుగా అనిపించింది.

కాబట్టి మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు పాట నేర్పాలనుకుంటే ముందు మైకు వైరు చుట్టి బీరువాలో పెట్టండి. కీబోర్డు వాయించే తమ్ముడిని కొన్నాళ్లు పెద్దల ఆరాధనకే పరిమితం చేయండి. ఆరాధనకు ముందు ఇరవై అయిదు నిమిషాలు చాలు. బెంచీలు వద్దు. జంపఖానా పరిచి పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి మీరూ కిందే కూర్చోండి. పిల్లలు పన్నెండుమంది దాటితే తోడుగా ఇంకొకరిని పిలుచుకోండి.

హాజరు పాడుతూ వేయండి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పిల్లలు ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు పేరు పైస్వరం నుంచి కిందికి జారుతుంది చూడండి, అదే వరుస. మీరు పేరు పాడండి, "వచ్చానండీ" అని ఆ బిడ్డ తిరిగి పాడాలి. ఎవరి గొంతు స్వరానికి అందుతోందో, ఎవరిది అందడం లేదో పరీక్ష పెట్టకుండానే మీకు తెలిసిపోతుంది. నేను రిజిస్టరులో పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకుంటాను. ఆ చుక్కల సంగతి తల్లిదండ్రులకు ఎప్పుడూ చెప్పలేదు.

తరువాత తాళం. ఆరాధనలో పాడే కీర్తనల పుస్తకంలో పాట పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. పెద్దలు సంఖ్య చూసుకుని పుస్తకం తెరుస్తారే గాని ఆ వరుస మీద చూపు నిలపరు. మీరు నిలపండి. ఆది తాళమైతే ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. వేళ్లు మడిచి లెక్కపెట్టడం నాలుగేళ్ల పిల్లలకు చేతకాదు. ఒకటికి అరచేత్తో నేల మీద కొట్టించండి, అయిదుకూ ఏడుకూ చప్పట్లు. కొట్టడం వాళ్లకు తేలికే, మధ్యలో చేతులు కట్టుకుని ఆగడమే కష్టం. ఏడక్షరాల చాపు తాళమంటే పెద్దలు జంకుతారు గాని, "తకిట తకధిమి" అంటూ చర్చి ఆవరణలో నడిపిస్తే పిల్లలకు రెండు వారాల్లో వచ్చేస్తుంది. పిల్లల చప్పట్లు మనకంటే వడిగా పడతాయి. మొదట్లో వారి వడినే మీరు అందుకోండి, మీ నిదానం వారికి తరువాత అలవాటవుతుంది.

ఇక శృతి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చిన్నపిల్లల గొంతు అయిదారు స్వరాల మధ్యనే హాయిగా తిరుగుతుంది. పాట షడ్జమం (స) నుంచి పంచమం (ప) దాకా నడిచేదైతే హార్మోనియంలో రెండు శృతి, అంటే రెండో తెల్ల మెట్టు, షడ్జమంగా పెట్టుకోండి. కిందికి మంద్ర పంచమం (కింది స్థాయి ప) దాకా దిగే పాటైతే నాలుగు శృతి. ఇంకా కిందికి పెడితే పిల్లలు గొణుగుతారు, బాగా పైకి పెడితే కేకలు వేస్తారు. మగవారి గొంతు వెంట పాడమంటే ఆ మంద్ర స్థాయిని అందుకోవాలని పాపం గడ్డం గుండెకు ఆనించి పాడతారు. అందుకే చెల్లెమ్మ ఎవరైనా, లేదా పదేళ్ల అమ్మాయి ఎవరైనా ముందు పాడితే మేలు. ఈ మాట అన్నందుకు మా పాస్టరు అయ్యగారు ఒక వారం నాతో ముభావంగా ఉన్నారు.

ఒక్కో పాదం రెండుసార్లు మీరే పాడండి, పిల్లలు వింటారు. మూడోసారి వాళ్లు పాడతారు, మీరు నోరు మూసుకోవాలి. మీ గొంతు నడుస్తున్నంతసేపూ వారు తమ గొంతు వినరు. మాటలకు అర్థం కూడా చెప్పండి. "సర్వోన్నతుడు" అన్న మాటను ఒక బాబు నెలంతా "సర్వం అన్నం" అని పాడాడు, నేను గమనించనే లేదు.

పాడని పిల్లలను కదపకండి. ఒక అయిదేళ్ల వాడు ఆరు నెలలు హార్మోనియం పక్కన కూర్చుని తిత్తి కదలడమే చూశాడు. వాడికి రాదని నేనూ అనుకున్నాను. ఒకనాడు వాళ్ల నాయనమ్మ వచ్చి, "రాత్రి కుటుంబ ప్రార్థనలో మొత్తం పాట వాడే ఎత్తుకున్నాడమ్మా, మాకే రాలేదు" అంది.

వాద్యాలకు డబ్బు పోయనక్కరలేదు. కొబ్బరి చిప్పలు, చిన్న తాళాలు, చింతగింజలు పోసిన సీసాలు చాలు. మూతకు జిగురు పెట్టడం మాత్రం మరవకండి, గింజలు నోట్లోకి పోతాయి. బైబిలులో 150వ కీర్తనలోని బూర, స్వరమండలం, పిల్లనగ్రోవి, తాళాలు ఒక్కొక్కటే బొమ్మ గీయించండి. అక్కడ తంబుర అని ఉంది గాని, హీబ్రూ మూలంలో ఉన్నది చేత్తో వాయించే చర్మవాద్యం. అందుకే నేను కంజీర చూపిస్తాను. తోలు ముట్టుకోనిస్తే చాలు, ఆ పూటకు ఇంకేమీ అడగరు.

ఏడాదిలో పిల్లలను బయటికి తీసుకెళ్లి పాడించడానికి ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారాన్ని మించింది లేదు. చేతిలో ఈతమట్ట, కాళ్ల కింద దారి, అడుగుకో అక్షరం. తాళం తప్పితే పక్కవాడి కాలు తొక్కుతారు గనుక వాళ్లే సర్దుకుంటారు.

క్రిస్మస్ రాత్రికి పల్లవి, రెండు చరణాలు, అంతే. మైకు తప్పదంటే ఒక్కటి, పిల్లలకు నాలుగడుగుల దూరంలో పెట్టించండి. ఎవరైనా పాట మధ్యలో తల్లికి చెయ్యి ఊపితే ఊపనివ్వండి. వేదిక ఎక్కే ముందు అందరినీ ఒకసారి మరుగుదొడ్డికి పంపండి. బిస్కెట్లు పాట అయ్యాకే ఇవ్వండి. ముందు ఇస్తే పొడి గొంతులో పడి మొదటి చరణమంతా దగ్గుతారు.