జనగణనలో మాతృభాషను నమోదు చేయించే తీరు: బెంగళూరు తెలుగు కుటుంబాలకు

జనగణన ఉద్యోగి వచ్చినప్పుడు ఇంటిపెద్ద భాషనే అందరికీ రాయించకండి. ఒక్కొక్కరి మాతృభాషను విడిగా చెప్పండి. 2011 జనగణన సూచనల ప్రకారం బాల్యంలో తల్లి తనతో మాట్లాడిన భాషే మాతృభాష, తల్లి పసితనంలోనే కన్నుమూసి ఉంటే చిన్ననాట ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. కనుక తెలుగు తండ్రి, కన్నడ తల్లి ఉన్న ఇంట్లో తల్లి కన్నడంలోనే లాలించిన బిడ్డకు కన్నడమనే రాయించాలి; అందులో చిన్నతనమేమీ లేదు. అదనంగా మరో రెండు భాషల వరకు నమోదవుతాయి, అక్కడ తెలుగును తప్పక చెప్పించండి. చదవడం, రాయడం రాకపోయినా, అర్థం చేసుకుని మాట్లాడగలిగితే చాలు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలో 1956లో చేరిన 350ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది, తెలుగు బడి కోరేవారికి ఈ లెక్కలూ ఒక ఆధారం. ఉద్యోగి వెళ్లేలోపు రాసినది ఒకసారి చదివించుకోండి.