హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి అమ్మానాన్నలకు ఫ్లైట్ టికెట్ బుక్ చేయడం ఎలా?

పన్నెండేళ్లుగా మా ఇంట్లోవాళ్లకు, చుట్టాలకు, స్నేహితుల తల్లిదండ్రులకు నేను డల్లాస్ టికెట్లు తీస్తున్నాను. ప్రతి వేసవికి ముందు ఎవరో ఒకరు ఫోన్ చేసి, "టికెట్ తీసేశాం, ఒకసారి చూస్తావా?" అంటారు. డబ్బు కట్టేశాక చూసి చెప్పగలిగేది చాలా తక్కువ. కాబట్టి కట్టకముందే ఇది చదవండి.

ముందుగా ఒక మాట. ఇప్పుడు హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా వెళ్లే విమానం లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఇక్కడి నుంచి చికాగోకి నేరు విమానం మొదలుపెట్టింది గానీ అది నిలవలేదు. అంటే మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి, ఇంకో విమానం ఎక్కాల్సిందే. నేను చూసిన తప్పులు దాదాపు అన్నీ ఆ మారే దగ్గర జరిగినవే. మిగతా పనులు తేలిక, వాటిని త్వరగా ముగిద్దాం.

1. కాగితాలు, పేరు

పాస్‌పోర్టులు, వీసా పేజీలు ఎదురుగా పెట్టుకోండి. తిరుగు ప్రయాణం నాటికి పాస్‌పోర్ట్ గడువు ఇంకా ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి. టికెట్ మీద పేరు ఆ వరుసలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఆధార్‌లోని పేరు, ఇంట్లో పిలిచే పేరు పనికిరావు. మన పెద్దవాళ్లలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలా ఉంటే పేరు ఎలా నింపాలో ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగాకే కొనండి, ఊహించి నింపొద్దు.

2. తేదీలు

మే, జూన్ నెలల్లోనూ డిసెంబర్ రెండో సగంలోనూ ధరలు బాగా ఎక్కువ. పిల్లల గ్రాడ్యుయేషన్, పురుడు లాంటివి లేకపోతే ఫిబ్రవరిలోనో సెప్టెంబర్‌లోనో పంపండి. మూడు, నాలుగు నెలల ముందు కొనాలి. మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక అనే మాట పట్టుకుని నిద్ర పాడుచేసుకోవద్దు.

వీసా పదేళ్లు ఉందని తిరుగు తేదీ ఇష్టమొచ్చినట్టు పెట్టొద్దు. అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో దిగిన రోజు ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు, ఆ తేదీ ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఉంటుంది. అందుకే తిరుగు టికెట్ ఐదున్నర నెలలు దాటకూడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి: శంషాబాద్ నుంచి చాలా విదేశీ విమానాలు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్ మీద "12వ తేదీ, ఉదయం 3:30" అని ఉంటే ఇంటి నుంచి బయలుదేరాల్సింది 11వ తేదీ రాత్రి. పన్నెండో తేదీ సాయంత్రం సూట్‌కేసులు సర్దుతూ ఉండగా విమానం వెళ్లిపోయిన కుటుంబం నాకు తెలుసు.

3. వెతకడం

గూగుల్ ఫ్లైట్స్‌లో రానూపోనూ టికెట్‌కి, ఒక్క స్టాప్ మాత్రమే ఉండేలా వెతకండి. అక్కడ ధరలు చూసుకుని, కొనేది మాత్రం ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లోనే. మధ్యలో ఉండే సైట్‌లో రెండు, మూడు వేలు తగ్గొచ్చు. కానీ టైమింగ్ మారినా, తేదీ మార్చాలన్నా ఎయిర్‌లైన్ వాళ్లు "మీరు కొన్న చోట అడగండి" అంటారు, కొన్న చోట ఫోన్ ఎత్తరు. మీకు బాగా తెలిసిన, రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ ఎత్తే ట్రావెల్ ఏజెంట్ ఉంటే ఆయన దగ్గర తీసుకోవచ్చు. అంతకు మించి మినహాయింపు లేదు.

4. కనెక్షన్: ఇక్కడ తొందరపడొద్దు

మా పిన్ని, బాబాయి విషయంలో జరిగింది చెప్తాను. వాళ్లబ్బాయి ఒక సైట్‌లో చవకగా దొరికిందని టికెట్ తీశాడు. గల్ఫ్‌లో దిగి, రెండున్నర గంటల తర్వాత ఇంకో ఎయిర్‌లైన్ విమానం ఎక్కాలి. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైంది. రెండో ఎయిర్‌లైన్ కౌంటర్‌లో, "మీరు రాలేదు, టికెట్ పోయింది" అన్నారు. మొదటి ఎయిర్‌లైన్ వాళ్లు, "ఇక్కడి వరకు తీసుకురావడమే మా పని" అన్నారు. ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే అవి రెండు వేరు వేరు టికెట్లు. ఒకే ప్రయాణంలా చూపించి అమ్మింది ఆ సైటు. బాబాయికి షుగర్, మందులు చెక్-ఇన్ బ్యాగులో ఉండిపోయాయి. ఆ రాత్రంతా వాళ్లు కుర్చీల్లో గడిపారు, వాళ్లబ్బాయి మర్నాటికి కొత్త టికెట్లు కొన్నాడు.

కాబట్టి మొదటి నియమం: మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. ఒకే టికెట్ అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది, దోహా మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అలాంటి రోజున వేరు వేరు టికెట్లు చేతిలో ఉంటే రెండో టికెట్‌కి పూచీ ఎవరూ ఉండరు.

ఒకే టికెట్టో కాదో ఎలా తెలుస్తుంది? చాలామంది పీఎన్ఆర్ చూసి సరిపెట్టుకుంటారు. అది చాలదు. సైటు తన సొంత బుకింగ్ నంబర్ ఒకటి ఇచ్చి, దాని కింద రెండు పీఎన్ఆర్‌లు దాచగలదు. ఒకే పీఎన్ఆర్ కింద రెండు టికెట్లు కూడా ఉండొచ్చు. చూడాల్సింది ఈ-టికెట్ నంబర్. పదమూడు అంకెలుంటాయి. మొదటి మూడు అంకెలు టికెట్ ఇచ్చిన ఎయిర్‌లైన్‌వి: ఎమిరేట్స్‌కి 176, ఖతార్ ఎయిర్‌వేస్‌కి 157, లుఫ్తాన్సాకి 220. హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా అన్ని విమానాలకూ అమ్మ పేరు మీద ఒకటే నంబర్ ఉండాలి, నాన్న పేరు మీద ఇంకోటి. ఒకే మనిషికి 176తో ఒకటి, 220తో ఒకటి కనిపిస్తే అవి రెండు టికెట్లే.

ఈ నంబర్ డబ్బు కట్టాకే వస్తుంది కదా అంటారేమో. కట్టకముందు ఈ మాటల కోసం చూడండి: "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్", "బ్యాగేజ్ రీ-చెక్", "సెపరేట్ టికెట్స్". చిన్న అక్షరాల్లో, వివరాల లింకు లోపల ఉంటాయి. ఒక్కటి కనిపించినా ఆ పేజీ మూసేయండి, పాతిక వేలు తక్కువైనా సరే. వేరు టికెట్లయితే మధ్యలో బ్యాగులు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. దానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అంటే చాలాచోట్ల ఆ దేశపు వీసా కావాలి. కావాల్సిన వీసా లేకపోతే శంషాబాద్ కౌంటర్‌లోనే ఆపేస్తారు.

"ఢిల్లీ వరకు డొమెస్టిక్ విడిగా తీస్తే చవక" అనేది ఇదే తప్పుకి ఇంకో రూపం. డొమెస్టిక్‌లో చెక్-ఇన్ బ్యాగుకి మామూలుగా 15 కిలోలు. అమెరికా టికెట్ మీద ఎక్కువగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. విడి టికెట్ మీద ఆ తేడా అంతటికీ డబ్బు కట్టాలి. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు సంగతి అందరికీ తెలిసిందే.

రెండో నియమం: మధ్యలో మూడు గంటలకు తగ్గకూడదు, ఐదు గంటలకు మించకూడదు. గంటన్నర కనెక్షన్ కూడా ఎయిర్‌లైన్ అమ్ముతుంది, చురుగ్గా నడిచేవాళ్లకు అది చాలుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు చాలదు. పైగా అమెరికా విమానాలకు గేటు దగ్గర అదనపు తనిఖీ ఉండొచ్చు.

మూడో నియమం: అమెరికా లోపల విమానం మారకూడదు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవ్వాలి, సాధారణంగా బ్యాగులు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ వేయాలి, మళ్లీ సెక్యూరిటీ. ఇరవై గంటలు ప్రయాణం చేసిన పెద్దవాళ్లతో చేయించాల్సిన పని కాదది. మీరు ఆస్టిన్‌లో ఉన్నా, ఓక్లహోమా సిటీలో ఉన్నా డల్లాస్‌కే టికెట్ తీసి, మూడు నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్లి తీసుకురండి.

దుబాయా, దోహానా, యూరపా అని అడుగుతారు. నా మాట దుబాయ్ లేదా దోహా. యూరప్ మీదుగా అయితే రెండు విమానాలూ దాదాపు పదేసి గంటలు, మధ్యలో కాళ్లు సాగుతాయి అంటారు. కానీ పది గంటలు కూర్చుని అలసిపోయాక, తెలియని ఊళ్లో టెర్మినల్ వెతుక్కోవాలి. గల్ఫ్ మీదుగా అయితే మొదటిది నాలుగు గంటల ప్రయాణమే. ఇంకా ఓపిక ఉండగానే మారిపోతారు, హిందీలో అడిగితే చెప్పేవాళ్లు ఉంటారు. తర్వాత పదహారు గంటల విమానంలో రెండు భోజనాలు చేసి, పడుకుని లేస్తే డల్లాస్. యూరప్‌కి ట్రాన్సిట్ వీసా నిబంధనలు కూడా చూసుకోవాలి. చెల్లే అమెరికా వీసా ఉంటే చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది. అయినా డబ్బు కట్టే రోజున ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్‌లో స్వయంగా చూడండి.

5. కొనడం, ఆ వెంటనే చేయాల్సినవి

అమెరికాలో ఉన్న మీరే ఎయిర్‌లైన్ అమెరికా సైట్‌లో కొనండి. ప్రయాణానికి ఏడు రోజులు లేదా అంతకన్నా ముందు, నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొంటే 24 గంటల్లోపు రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకునే వీలు అక్కడి నిబంధనల్లో ఉంది. కొన్ని ఎయిర్‌లైన్లు రద్దు సౌకర్యం బదులు, డబ్బు కట్టకుండానే ధరను 24 గంటలు పట్టి ఉంచుతాయి, కట్టేముందు అది చూసుకోండి. ఆ గడువులోనే పేర్లు, తేదీలు, టికెట్ నంబర్ మూడూ సరిచూడాలి. తేదీ మార్చుకోవడానికి వీలున్న ఫేర్ తీసుకోండి, పెద్దవాళ్ల ప్రయాణాలు మారుతుంటాయి.

శాకాహారులకు "హిందూ మీల్" పెట్టొద్దు, అందులో మాంసం ఉండొచ్చు. ఏవీఎంఎల్ కోడ్ ఉన్న ఏషియన్ వెజిటేరియన్ ఎంచుకోండి. సీట్లు ఇద్దరికీ నడవా పక్కనే ఉండాలి. వీల్‌చైర్ ఉచితం, నడవగలిగినా అడగండి, గేటు వరకు దారి చూపే మనిషి దొరుకుతారు. ప్రయాణానికి మూడు రోజుల ముందు ఫోన్ చేసి అది నమోదైందో లేదో కనుక్కోండి.

మందులు చేతి సంచిలోనే పెట్టించండి. శంషాబాద్ కౌంటర్ దగ్గర నాన్నగారికి రెండు పనులు చెప్పండి: బ్యాగు ట్యాగ్ మీద చివరి ఊరు డల్లాస్ కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో చూడటం, రెండు విమానాలకూ బోర్డింగ్ పాసులు చేతికి వచ్చాకే కౌంటర్ నుంచి కదలడం.