మతం మారకుండా పెళ్ళి చేసుకోవాలంటే ఏం చెయ్యాలి

మొహర్రం నెలలో రొట్టెల పండుగకి నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, పెళ్ళి కావాలని మొక్కుకుని పెళ్ళి రొట్టె పట్టుకునేటప్పుడు ఇచ్చేవాళ్ళది ఏ మతమని ఎవరూ అడగరు. అదే పిల్లలు వేరే మతంలో పెళ్ళంటే మాత్రం ఇంట్లో మొదటి మాట "ఎవరో ఒకరు మారాల్సిందే". మా స్నేహితుడొకడు ఆ మాట నమ్మి, మనసొప్పకపోయినా మారాడు. వేరే దారి ఉందని వాడికి ఒక్కరూ చెప్పలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నా.

ఆ దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. హిందూ పద్ధతిలో పెళ్ళి ఒక సంస్కారం, అందుకే సప్తపది ఆచారం ఉన్నచోట ఏడో అడుగు పడ్డాకే పెళ్ళి పూర్తయినట్టని చట్టంలో కూడా రాశారు. ముస్లింల నిఖా ఒక ఒప్పందం: ఇద్దరి అంగీకారం, మెహర్ (భర్త భార్యకిచ్చే సొమ్ము), సాక్షులు. చర్చిలో అయితే దేవుడి ముందు చేసే ప్రమాణం. ఈ మూడు నమ్మకాలూ నాకు గౌరవమే. ఈ చట్టం మాత్రం నువ్వేం నమ్ముతావని అడగదు, వయసొచ్చిన ఇద్దరూ ఒప్పుకున్నారా అని అడుగుతుంది.

అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసర్‌కి (ఈ చట్టం కింద పెళ్ళి జరిపించే అధికారి) నోటీసు ఇవ్వాలి. మన దగ్గర రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి అడిగితే చెప్తారు, వయసుకీ అడ్రస్‌కీ ప్రూఫులు తీసుకెళ్ళండి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అతికిస్తారు, ఎవరిదైనా స్థిర నివాసం వేరే జిల్లా అయితే అక్కడికీ పంపి అతికిస్తారు. అంటే కావలి అబ్బాయి, ఒంగోలు అమ్మాయి అయితే రెండు చోట్లా పేర్లు కనపడతాయి.

అసలు టెన్షన్ నోటీసు అతికించాక ఆగాల్సిన 30 రోజులే. ఆ లోపు అభ్యంతరం ఎవరైనా పెట్టొచ్చు, కానీ చెల్లే కారణాలు కొన్నే: ఇదివరకే భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం, మతిస్థిమితం లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం (పెళ్ళి కూడదని చట్టం చెప్పిన దగ్గరి చుట్టరికం). మతం వేరు, కులం వేరు అన్నది అభ్యంతరమే కాదు. ఇంటికి ఉత్తరం పంపాలని కూడా చట్టంలో లేదు, ఎవరైనా పంపుతామంటే ఏ సెక్షన్ కింద అని అడగండి. భయమనిపిస్తే పోలీసు రక్షణ కోరండి, నచ్చినవాళ్ళని పెళ్ళాడటం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. (మేనరికాలకి ఇది సరైన దారి కాదు. మేనమామ కూతురు కూడా ఈ చట్టంలో నిషిద్ధ జాబితాలోనే ఉంది.)

ఆస్తి సంగతి ముందే మాట్లాడుకోండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఇతర మతస్థుల్ని ఈ చట్టం కింద చేసుకుంటే ఆ ఉమ్మడి నుంచి విడిపోయినట్టే లెక్క, ఆ తర్వాత వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఇద్దరూ హిందూ, బౌద్ధ, సిక్కు, జైన మతాల్లో ఏదో ఒకదానివాళ్ళే అయితే ఈ ఇబ్బంది లేదు.

ఆ 30 రోజుల గడువు దాటాక, నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు ముగ్గురు సాక్షులతో మ్యారేజ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాలి. మీకిష్టమైన పద్ధతిలోనే చేసుకోవచ్చు, కాకపోతే నిన్ను భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానన్న మాట ఇద్దరూ తెలిసిన భాషలో పైకి చెప్పి తీరాలి. నేను సాక్షిగా వెళ్ళిన పెళ్ళిలో అబ్బాయి గొంతు పూడుకుపోయి మధ్యలో ఆగాడు. అమ్మాయి వాళ్ళ పెద్దమ్మ, మూడో సాక్షి, బురఖా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ "నిదానంగా చెప్పు నాయనా" అంది. వాడు మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు.