మాట రావట్లేదు, ముద్ద దిగట్లేదు: థెరపీకి ముందు, థెరపీ తర్వాత ఇంట్లో ఏం చేయాలి

రెండేళ్లు నిండేసరికి మా వాడికి ఉన్న మాటలు మూడే. అమ్మ, తాత, కూ. మాది కాజీపేట, ఇంటి వెనకే పట్టాలు, ఆ "కూ" అట్లా వచ్చింది. తిండి సంగతి ఇంకా కష్టం, మిక్సీలో పట్టిన పప్పన్నం తప్ప ఏది నోట్లో పెట్టినా ఓక్ అని కక్కేవాడు. పదహారు నెలలప్పుడు ఒక డాక్టర్‌కు చూపిస్తే "మగపిల్లలకు మాటలు లేటే, టెన్షన్ పడకండి" అన్నారు, ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు ఊరికే కూర్చున్నాం. మీరు అట్లా కూర్చోవద్దనే ఇది రాస్తున్నా. నేను స్పీచ్ థెరపిస్టును కాదు, వారానికి రెండు రోజులు థెరపీ గదిలో మూలన కూర్చుని చూసిన తల్లిని.

మొట్టమొదట వినికిడి పరీక్ష. "పిలిస్తే తిరుగుతాడు కదా, చెవులు బాగానే ఉన్నాయి" అని అందరం అనుకుంటాం. తలుపు చప్పుడుకు తిరిగే పిల్లకు కూడా మాటలోని సన్నని శబ్దాలు వినపడకపోవచ్చు, చెవిలో నీరు చేరినా అంతే. బెరా అనే పరీక్ష పిల్లలు నిద్రపోతున్నప్పుడు చేస్తారు కాబట్టి ఆ రోజు పొద్దున్నే లేపి, ఆటోలో కునుకు తీయనివ్వకుండా తీసుకెళ్లండి. మేం దారిలో పడుకోనిచ్చాం, అక్కడికి వెళ్లాక రెండు గంటలు గది నిండా పరుగులే, పరీక్ష ఇంకో రోజుకు పడింది.

ఎప్పుడు కదలాలి అంటే, ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోతే, ఏడాదిన్నరకు కావాల్సినదాన్ని వేలితో చూపించకపోతే, రెండేళ్లకు దాదాపు 50 మాటలు, "అమ్మ దా", "పాలు ఇయ్" లాంటి రెండు మాటల కలయిక రాకపోతే చూపించండి. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసైనా సరే, ఆ వారమే వెళ్లండి. రైలును లైలు అంటే కంగారు వద్దు, ర అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే శబ్దాల్లో ఒకటి.

వరంగల్‌లో అయితే ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పిల్లల విభాగం, చెవి ముక్కు గొంతు విభాగం రెండూ అక్కడే. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) టీమ్ ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని చూడాలి, ఎప్పుడొస్తారో టీచర్‌ను అడిగి ఆ రోజు తప్పక తీసుకెళ్లండి, వాళ్లు రాసిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, ఖర్చు ఉండదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు భవిత కేంద్రాలున్నాయి. ప్రైవేటుకు వెళితే థెరపిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. బోర్డులు చాలా ఉంటాయి, చదివినవాళ్లు తక్కువ.

ఇక ఇంట్లో సంగతి. థెరపిస్టు దగ్గర గడిచేది వారానికి గంటన్నర, మిగతాదంతా మన దగ్గరే. అక్కడ నేను నేర్చుకున్న పెద్ద విషయం మాట్లాడించడం కాదు, ఆగడం. మేం పొద్దున లేచిన దగ్గర్నుంచి "ఇదేంటి? చెప్పు. ఆంటీకి చెప్పు. అమ్మా అను" అని పరీక్ష పెట్టేవాళ్లం, వాడు మొహం తిప్పుకునేవాడు. అది మానేసి, వాడి కళ్ల ఎత్తుకు కిందికి కూర్చుని, వాడు చూస్తున్నదాని గురించే చిన్న మాట చెప్పి, లోపల ఐదు వరకు లెక్కపెట్టి చూడండి. ఆ ఐదు అంకెలు ఎంత పొడవో అప్పుడు తెలుస్తుంది.

మా ఇంట్లో పనికొచ్చింది బిస్కెట్ల డబ్బా. లోపలివి బయటికి కనిపించే డబ్బా, బిగుతు మూత. వాడు తీయలేక నా ఒళ్లో పడేశాడు. నేను పట్టుకుని, మూత మీద వేలు పెట్టి, వాడి మొహంలోకి చూస్తూ ఊరుకున్నా. డబ్బా చూశాడు, నన్ను చూశాడు, పెదాలు కదిలాయి, చివరికి "తీ" అన్నాడు. అంతే, వెంటనే తీసిచ్చా. "తియ్యి అని సరిగ్గా చెప్పు" అనొద్దు, అంటే ఆట అక్కడితో అయిపోతుంది. "తియ్యి, మూత తియ్యి" అని మీరే అంటూ ఇవ్వండి. అట్లాగే వాడు "బస్" అంటే "ఎర్ర బస్సు, బస్సు పోయింది" అని ఒకటో రెండో మాటలు కలిపి తిరిగి ఇవ్వండి. ఉప్పుమూట ఎత్తుకుని "ఒకటి, రెండు..." అని ఆపినా పని చేస్తుంది. బౌ, మే, కూ కూడా మాటలే, ప్రతిసారీ అదే అర్థంతో అంటుంటే లెక్కలోకి వేయండి.

పీపీలు, బుడగలు ఊదిస్తే మాటలొస్తాయని చాలామంది చెప్తారు. ఊదడం వస్తుంది, మాట రాదు. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే వసపిట్టలా మాట్లాడతాడని మా అత్తమ్మ పట్టుబట్టింది, అందులో ఉండే బీటా అసరోన్ మంచిది కాదని డాక్టర్ చెప్పాకే ఆగింది. ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ ఉంటే మాట లేటవుతుందన్నది కూడా నిజం కాదు. మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, ఫోన్‌లో ఇంగ్లిష్ రైమ్స్ దానికి బదులు కావు. రెండేళ్లలోపు తెర వద్దనే పిల్లల డాక్టర్లు చెప్తారు.

తిండి దగ్గరా సూత్రం అదే, ఒత్తిడి పెడితే నోరు మూతపడుతుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది మన పని, ఎంత తినాలన్నది వాడి పని. గిన్నె పట్టుకుని వెంటపడటం ఆపి ఒకచోట కూర్చోబెట్టండి. కుర్చీ అయితే కాళ్లు వేలాడకుండా కింద పీట వేయండి, పాదాలకు ఆనిక ఉంటే నమలడం తేలికవుతుంది. మధ్యలో బిస్కెట్, పాలు ఇవ్వకుండా రెండున్నర మూడు గంటలు గ్యాప్ ఉంచండి. ఏడాది దాటాక పాలు రోజుకు అర లీటరు చాలు, లీటరు తాగేవాడికి ఆకలి ఎక్కడిది, పైగా రక్తహీనత. మొదటి వారం మా అత్తమ్మ "పోరని కడుపు మాడ్పుతున్నవ్ బిడ్డా" అని ఒకటే గొడవ. అరగంట దాటితే పళ్లెం తీసేయండి, తిట్టకుండా.

మెత్తటిది తప్ప తినని పిల్లకు ఒక్కసారిగా ముద్దలు పెట్టొద్దు. ముందు మిక్సీ మానేసి చేత్తో మెదపండి, వారానికి కొంచెం చొప్పున బరకతనం పెంచండి. శివరాత్రికి వచ్చే కందగడ్డ (చిలగడదుంప) దీనికి బాగుంటుంది, మెత్తగా ఉడికించి వేలంత పొడుగు ముక్క కోసి, నాలుక మధ్యలో కాకుండా దవడ పళ్ల వైపు పెట్టండి. నాలుక పక్కకు తిరగడం అక్కడే మొదలవుతుంది. కొత్త వంట ముందు పళ్లెం పక్కన ఉండనివ్వండి, తర్వాత తాకనివ్వండి, వాసన, నాకడం, కొరకడం. పది పదిహేనుసార్లు కనిపించాక గానీ కొందరు ముట్టరు. మనం రెండుసార్లు పెట్టి "వీడికి నచ్చదు" అనేస్తాం.

ఓక్ రావడానికి, గొంతులో అడ్డం పడటానికి తేడా తెలుసుకోండి. ఓక్ వచ్చినప్పుడు శబ్దం ఉంటుంది, మొహం ఎర్రబడుతుంది, పిల్ల తనే సర్దుకుంటుంది. అడ్డం పడితే శబ్దం ఉండదు, దగ్గలేదు, పెదాలు నీలబడతాయి, వెంటనే వీపు మీద గట్టిగా ఐదు దెబ్బలు, ఇంకొకరు 108కి ఫోన్. నోట్లో గుడ్డిగా వేలు పెట్టి వెతకొద్దు. గుండు పల్లీలు, గుండు ద్రాక్ష నాలుగైదేళ్ల దాకా వద్దు. నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతుంటే "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తి మీద తట్టి ఊరుకోవద్దు. తిన్నాక గొంతు గురగురమన్నా, మాటిమాటికి ఛాతీలో కఫం చేరినా, బరువు పెరగకపోయినా ఇంటి ప్రయోగాలు ఆపి డాక్టర్ దగ్గరకే వెళ్లాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. కొత్త మాట, కొత్త తిండి, తేదీ, అంతకన్నా ఎక్కువ రాయక్కర్లేదు. థెరపిస్టు "ఎట్లా ఉన్నాడు" అంటే మనం "కొంచెం బెటర్" అంటాం, దానితో ఆమెకు ఏం తెలుస్తుంది? మా పుస్తకంలో మొదటి నెల అంతా "తాకలేదు, తోసేశాడు" అనే ఉంది. పదకొండో నెలలో ఒక పేజీలో మా ఆయన గొలుసుకట్టు రాత: సర్వపిండి, అంచు ముక్క, నమిలాడు, "ఇంకా" అన్నాడు.