ఇంట్లో మనిషి మనసు బాలేనప్పుడు మందుల డబ్బా విషయంలో జాగ్రత్తలు

ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌తో కుంగిపోతున్నా, చచ్చిపోవాలనుంది అని నోటెంట వచ్చినా, లేదా మాత్రలు మింగి ఆస్పత్రిపాలై ఇప్పుడే డిశ్చార్జ్ అయి వస్తున్నా ఈ పని ఇవాళే చెయ్యండి, రేపటికి వాయిదా వెయ్యకండి. డిశ్చార్జ్ అయ్యారు కదా గండం గట్టెక్కిందిలే అనుకుంటారు చాలామంది, కానీ ఇంటికొచ్చాక మొదటి కొన్ని వారాలే బాగా కనిపెట్టుకుని ఉండాల్సిన రోజులు.

ముందు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకచోట పొయ్యండి. అన్నీ అంటే అన్నీ, పెద్దవాళ్ల బీపీ షుగర్ మాత్రలు, ఎప్పుడో జ్వరానికి తెచ్చి సగం మిగిలిన స్ట్రిప్, హ్యాండ్‌బ్యాగ్ జిప్‌లో పడున్నవి, దగ్గు సిరప్ కూడా. అక్కర్లేనివి మందులషాపులోనో ఆస్పత్రిలోనో తీసుకుంటారేమో అడిగి ఇచ్చెయ్యండి, కావాల్సినవి తాళం వేసి తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచండి, అదే గదిలో మేకుకి తగిలిస్తే తాళం వేసీ లాభం లేదు. పురుగుమందులుంటే అవి అసలు ఇంట్లోనే ఉండకూడదు. ఆ మనిషికి డాక్టర్ రాసిన డిప్రెషన్ మందు మాత్రం భయపడి ఆపెయ్యకండి, నెలకి సరిపడా కాకుండా వారానికే రాయమని అడగండి, ఏ పూట డోసు ఆ పూట మీరే చేతికివ్వండి.

"చావాలనుకున్నోళ్లు ఎలాగైనా చస్తారు, డబ్బా దాచి ఏం లాభం" అంటారు కొందరు, అది పూర్తిగా తప్పు. చాలామందిలో ఆ ఉధృతి కాసేపే ఉంటుంది, ఆ కాసేపట్లో చేతికి ఏమీ అందకపోతే మనిషి దక్కుతాడు. బ్రిటన్‌లో 1998లో ఒక ప్యాక్‌లో అమ్మే పారాసెటమాల్ మాత్రల సంఖ్య తగ్గిస్తూ రూల్ పెట్టాక ఆ మాత్రల వల్ల జరిగే చావులు తగ్గాయి.

ఇంకోటి, నేరుగా అడగండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదు, అడిగినందుకు గుండె బరువు దిగినవాళ్లే ఎక్కువ. అడిగాక వినండి, పరువు తీశావ్, నాటకాలాడుతున్నావ్ లాంటి మాటలు దయచేసి వద్దు.

ఇంత చేసినా ఎవరైనా మింగేశారని తెలిస్తే, లేదా అనుమానమొచ్చినా సరే, వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాట్లాడుతున్నాడు, నడుస్తున్నాడు, బానే ఉన్నాడు కదా అని ఆగొద్దు. పారాసెటమాల్‌నే తీసుకోండి, మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు, లోపల లివర్ దెబ్బతింటున్న సంగతి తర్వాత బయటపడుతుంది. దానికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే చాలా బాగా పనిచేస్తుంది, ఆలస్యమైనా ఇస్తారు కాబట్టి టైమ్ దాటిపోయిందని ఇంట్లో కూర్చోకండి.

గొంతులో వేళ్లు పెట్టి కక్కించడం, ఉప్పునీళ్లు తాగించడం, పాలు పట్టడం ఏవీ చెయ్యొద్దు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఊపిరి ఆగితే ఎమర్జెన్సీ వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు సీపీఆర్ (ఛాతీ మీద నొక్కడం) మొదలుపెట్టండి. ఖాళీ స్ట్రిప్పులు, సీసాలు అన్నీ కవర్లో వేసుకుని వెళ్లండి. ఏం మింగారు, సుమారు ఎన్ని, ఎన్నింటికి, మద్యం కూడా తాగారా, ఇవి డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి, నలుగురికీ తెలుస్తుందని దాస్తే ట్రీట్‌మెంటే తప్పుతుంది. రక్తపరీక్ష, ఈసీజీ చేసి కొన్ని గంటలు అబ్జర్వేషన్‌లో పెడతారు, మధ్యలో సంతకం పెట్టి తీసుకొచ్చెయ్యకండి. సైకియాట్రిస్ట్ చూడకుండా, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ చేతికి రాకుండా డిశ్చార్జ్‌కి ఒప్పుకోవద్దు.

ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే, మీ దగ్గరున్న మాత్రలన్నీ ఇప్పుడే ఇంట్లోవాళ్లకో పక్కింటివాళ్లకో ఇచ్చెయ్యండి, కారణం చెప్పాలనిపించకపోతే "ఇవి నీ దగ్గరుంచు, ఇవాళ నాతో ఉండు" అనండి చాలు. ఎవరూ దొరక్కపోతే సూసైడ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. ఇప్పటికే ఏమైనా మింగి ఉంటే మాత్రం ఎవరికోసమూ చూడకుండా ముందు ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి.